రేడియేషన్ కాల్చదు, తెంపుతుంది: ఈ నెల మీ ప్రశ్నలు

పోయిన నెల ఒక జవాబులో "రేడియేషన్ అంటే గడ్డని కాల్చేయడం కాదు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను, దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు కాల్చకపోతే మరేం చేస్తుందండీ అని మర్యాదగా అడిగారు, ఒకాయనైతే "మా నాన్న మెడ మీద చర్మం నల్లగా కమిలిపోయింది, మీరొచ్చి చూసి కాలలేదని చెప్పండి" అని కోపంగా రాశారు. ఆయన కోపంలో న్యాయం ఉంది, అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశా. ఒక్కమాట ముందే చెప్పేస్తాను, నేను పనిచేసింది ల్యాబ్‌లో, రేడియేషన్ తగిలాక డీఎన్‌ఏకి ఏమవుతుందో చూసే పని, పేషెంట్లని చూసే డాక్టర్ని కాదు, కాబట్టి మీ కేసు సంగతి మీ డాక్టర్‌నే అడగాలి, ఇక్కడ రాసేది లోపల ఏం జరుగుతుందనేది మాత్రమే.

ముందు ఆ కోపంగా రాసినాయనకి. సార్, గొంతు క్యాన్సర్‌కి మామూలుగా ఇచ్చే మొత్తం డోసు 70 గ్రేలు అనుకోండి. గ్రే అంటే కిలో కండకి ఒక జౌల్ శక్తి, అంతే. ఆ 70 గ్రేలూ ఒకే క్షణంలో పడినా ఆ చోట వేడి పెరిగేది ఒక డిగ్రీలో 60వ వంతు. నుదుటి మీద చెయ్యి పెడితే పెరిగే వేడి కూడా కాదది. మరి చర్మం ఎందుకు కమిలింది అంటే, చర్మం పైపొర రోజూ రాలిపోతూ ఉంటుంది, కింద ఉన్న కణాలు విభజన చెంది కొత్త పొరని పైకి పంపుతుంటాయి. రేడియేషన్ ఆ కిందవాటి డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది, పైది రాలిపోతూనే ఉంటుంది, కింద నుంచి రావాల్సింది రాదు. అందుకే మొదటి రోజు ఏమీ కనపడదు, రెండు మూడు వారాలకి మొదలవుతుంది. నిప్పు అంటుకుంటే రెండు వారాల తర్వాత బొబ్బ రాదు కదండీ.

ప్రశ్న: మా అమ్మకి గొంతులో గడ్డ, 35 సిట్టింగ్స్ అన్నారు, వారానికి ఐదు చొప్పున ఏడు వారాలు. వెళ్ళి రావడానికి సగం రోజు పోతోంది, లోపల మెషిన్ కింద ఉండేది మాత్రం పది నిమిషాలు కూడా లేదు. ఆ ముఖానికి బిగించే మాస్క్ అంటే అమ్మకి భయం. అంతా ఒకటి రెండు రోజుల్లో ఇచ్చేయొచ్చు కదా, ఎందుకిలా సాగదీస్తారు?

జవాబు: ఇదే అసలు ప్రశ్న అమ్మా, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే. రేడియేషన్ గడ్డ మీద ఎంత పడింది అన్నది సగం కథ, దెబ్బ తిన్నాక ఎవరు ఎంత బాగా బాగుచేసుకున్నారు అన్నది మిగతా సగం.

డీఎన్‌ఏ రెండు పేటల తాడు అని స్కూల్లో చదువుకున్నదే. ఒక్క గ్రే పడితే ఒక్కో కణంలో ఒక పేట తెగిన చోట్లు దాదాపు వెయ్యి, రెండు పేటలూ ఒకేచోట తెగిన చోట్లు ఒక 35, 40 ఉంటాయి. ఆ వెయ్యి చూసి భయపడక్కర్లేదు, ఒక పేట తెగితే ఎదురుగా రెండో పేట ఉంటుంది, దాన్ని చూసి ఇక్కడ ఏ అక్షరం ఉండాలో పూడ్చేసుకుంటుంది కణం. నిజానికి ఏ రేడియేషన్ లేకుండానే, ఊపిరి పీల్చి బతుకుతున్నందుకే, మన ఒక్కో కణంలో రోజుకి పదివేలకి పైగా ఇలాంటి చిన్నా చితకా దెబ్బలు తగులుతుంటాయి, అవి పూడుతూనే ఉంటాయి. ప్రమాదమంతా ఆ 40తోనే. రెండు పేటలూ తెగితే చూసి రాసుకోవడానికి ఎదురుగా ఏమీ ఉండదు. అలాంటిది ఒక్కటి సరిగ్గా అతకకుండా మిగిలినా కణం చచ్చిపోవచ్చు.

ఇప్పుడు మీ అమ్మగారి మెడలో రెండు రకాల కణాలున్నాయి. మామూలు కణం దెబ్బ తగలగానే పని ఆపేస్తుంది, విభజన వాయిదా వేసుకుంటుంది, అతుకులన్నీ చూసుకుని అప్పుడు ముందుకి కదులుతుంది. క్యాన్సర్ కణానికి ఆ ఓపిక ఉండదు. చాలా క్యాన్సర్లలో ఆగమని చెప్పే పీ53 లాంటి జీన్లే పాడైపోయి ఉంటాయి, తెగిన డీఎన్‌ఏతోనే విభజనకి దిగిపోతుంది. అందుకే చిన్న డోసు ఇచ్చి ఒక రోజు టైమిస్తే ఇద్దరి మధ్య తేడా వస్తుంది. ఆ తేడా ఒక్క రోజులో చూస్తే చాలా చిన్నది, రోజూ దాన్ని హెచ్చవేసుకుంటూ పోతేనే పెద్దదవుతుంది. ఊరికే లెక్క కోసం అనుకోండి, ఒక్కో సిట్టింగ్‌కి మామూలు కణాలు వందకి 80 బతుకుతున్నాయి, క్యాన్సర్‌వి వందకి 70. పెద్ద తేడానా? కాదు. కానీ లక్ష చొప్పున మొదలుపెట్టి 30 సిట్టింగ్స్ అయ్యేసరికి మామూలువి 124 మిగిలితే క్యాన్సర్‌వి మిగిలేది రెండు. నిజంగా లోపల జరిగేది ఇంత సాఫీగా ఉండదు, మామూలు కండకి డోసు తక్కువ పడేలా నాలుగైదు వైపుల నుంచి తిప్పి ఇస్తారు, మధ్యలో కొత్త కణాలు పుడుతుంటాయి, అయినా ఆట ఇదే.

ఇది కాగితం మీద లెక్కేసి కనిపెట్టింది కాదు, పొట్టేళ్ళ మీద తేలింది. 1920లలో పారిస్‌లో క్లాడియస్ రెగో అనే ఆయన పొట్టేళ్ళ వృషణాలకి ఎక్స్‌రేలు ఇచ్చి చూశాడు. అక్కడ కణాలు గబగబా విభజన చెందుతుంటాయి కాబట్టి అది గడ్డకి నమూనా, పైన చర్మం మామూలు కండకి నమూనా. ఒకేసారి పెద్ద డోసు ఇస్తే చర్మం ఘోరంగా పాడైపోతే తప్ప పిల్లలు పుట్టకుండా చేయలేకపోయాడు, అదే డోసుని కొన్ని రోజులకి పంచి ఇస్తే చర్మం నిలబడింది, వీర్యకణాలు పుట్టడం ఆగిపోయింది. తర్వాత అక్కడే ఆన్రీ కూటార్ ఆ పద్ధతినే గొంతు క్యాన్సర్ పేషెంట్లకి వాడాడు. అంటే మీ అమ్మగారి ట్రీట్‌మెంట్‌కి మూలం నేరుగా అదే.

ఇంకో లాభం కూడా ఉంది. గడ్డ నడిమధ్యలో రక్తనాళాలు సరిగా ఉండవు, ఆక్సిజన్ అందదు, ఆక్సిజన్ అందని కణాన్ని చంపడానికి దాదాపు మూడు రెట్ల డోసు కావాలి, ఎందుకంటే డీఎన్‌ఏకి తగిలిన దెబ్బని ఆక్సిజనే పట్టుకుని శాశ్వతం చేసేస్తుంది, అది లేకపోతే దెబ్బ వెంటనే మళ్ళీ సర్దుకుపోయే అవకాశం ఉంటుంది. రోజుకి కొంచెం ఇస్తూ పోతే బయటి పొరలు చచ్చి, లోపలి వాటికి ఆక్సిజన్ అందడం మొదలై, అవి కూడా మరుసటి వారం దారికొస్తాయి. 1950లలో ఈ ఆక్సిజన్ సంగతిని పట్టుకుని పనిచేసినాయన పేరు లూయిస్ హెరాల్డ్ గ్రే, మీ అమ్మగారి ఫైల్‌లో డోసు పక్కన ఉండే గ్రే ఆయన పేరే.

మాస్క్ భయం గురించి మాత్రం అక్కడి టెక్నీషియన్‌కి తప్పకుండా చెప్పండి, ఇబ్బందైతే చెయ్యి ఎత్తితే ఆపేస్తారు, లోపల కెమెరా ఉంటుంది, మాట్లాడితే బయటికి వినపడుతుంది. చాలామంది చెప్పుకోరు.

ప్రశ్న: పండగలు, మెషిన్ రిపేరు కలిసి మా నాన్నగారికి నాలుగు సిట్టింగ్స్ పోయాయి. చివర్లో కలుపుతాం అన్నారు. ఏమైనా నష్టమా?

జవాబు: మీరు అడగడం మంచిదైంది. శని ఆదివారాల సెలవు ముందే లెక్కలో ఉంటుంది, దానికి కంగారు వద్దు. కానీ అనుకోకుండా వచ్చే గ్యాప్ మంచిది కాదు, ముఖ్యంగా తల, మెడ, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లలో. నాలుగో వారం దాటాక బతికున్న క్యాన్సర్ కణాలు మామూలు కన్నా వేగంగా పెరగడం మొదలుపెడతాయి, మొత్తం కోర్సు ఒక్క రోజు సాగితే గడ్డ పూర్తిగా పోయే అవకాశం సుమారు ఒక శాతం, కొన్నిట్లో ఇంకాస్త ఎక్కువే తగ్గుతుంది. చివర్లో కలపడం కన్నా వీలైతే ఒకే రోజు ఆరు గంటల తేడాతో రెండు ఇచ్చో, శనివారం ఇచ్చో అనుకున్న తేదీకే ముగించడం మేలు, ఆ ఆరు గంటలు దేనికంటే మామూలు కణం అతుకులు పూర్తిచేసుకోవడానికి. "మొత్తం టైమ్ పెరగకుండా చేయొచ్చా సార్" అని ఈ మాటల్లోనే అడగండి, వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

ప్రశ్న: నాకు బ్రెస్ట్ ఆపరేషన్ తర్వాత 15 సిట్టింగ్స్ ఇచ్చారు, మా వదినకి అదే క్యాన్సర్‌కి ఐదే ఇచ్చారు, ఐదు రోజుల్లో అయిపోయింది. నాకు ఎక్కువ ఇచ్చారా, ఆవిడకి తక్కువ ఇచ్చారా?

జవాబు: ఇద్దరికీ సరిగ్గానే ఇచ్చారు. పైన చెప్పిన చిన్న చిన్న డోసుల లాభం అన్ని క్యాన్సర్లకీ ఒకేలా ఉండదు. గొంతు గడ్డ లాంటివి డోసు ముక్కల సైజుని పెద్దగా పట్టించుకోవు, చుట్టూ ఉన్న మామూలు కండ చాలా పట్టించుకుంటుంది, అందుకే అక్కడ ముక్కలు చిన్నవి చేస్తే మనకి లాభం. బ్రెస్ట్, ప్రోస్టేట్ క్యాన్సర్లు ఈ విషయంలో మామూలు కండకి దగ్గరగా ప్రవర్తిస్తాయి, కాబట్టి ముక్కలు పెద్దవి చేసి మొత్తం డోసు తగ్గిస్తే సరిపోతుంది. ఫాస్ట్ ఫార్వర్డ్ అనే బ్రిటన్ ట్రయల్‌లో మూడు వారాల్లో 15 సార్లుగా 40 గ్రేలు, ఒక్క వారంలో ఐదు సార్లుగా 26 గ్రేలు పోల్చి చూశారు, ఐదేళ్ళ తర్వాత క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపడంలో వారం పద్ధతి ఏమీ తీసిపోలేదు, ఫలితాలు 2020లో వచ్చాయి. మీకు 15 ఎందుకు ఎంచుకున్నారో దానికి వేరే కారణాలు ఉండొచ్చు, లింఫ్ గ్రంథులకి కూడా ఇచ్చారా లేదా లాంటివి.

ప్రశ్న: నేను బయోటెక్నాలజీ చదువుతున్నాను. రెండు పేటలూ తెగితే చూసి రాసుకోవడానికి ఏమీ ఉండదన్నారు మీ పాత జవాబొకదాంట్లో. మరి ఎలా అతుకుతుంది? దీనిమీద రీసెర్చ్ చేసేవాళ్ళు అసలు ఏం చూస్తారు?

జవాబు: ఇది చదివి నాకు నా పాత రోజులు గుర్తొచ్చాయి. చెప్తాను. డిష్‌లో పెంచిన కణాలకి ఒక గ్రే ఇచ్చి, అరగంట ఆగి, రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద పెడితే నీలం రంగు కేంద్రకంలో ఆకుపచ్చ చుక్కలు కనపడతాయి. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లు అనే ప్రోటీన్లలో హెచ్2ఏఎక్స్ అని ఒకటుంది, తాడు తెగిన చోట చుట్టుపక్కల లక్షల అక్షరాల మేర దానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది కణం, "ఇక్కడ తెగింది రండి" అని జెండా పాతినట్టు. 1998లో బయటపడిందిది. ఒక్కో చుక్క సుమారుగా ఒక్కో తెగు. నేను చీకటి గదిలో కూర్చుని రాత్రి రెండింటి దాకా ఈ చుక్కలు లెక్కపెట్టిన రోజులున్నాయి, 22, 27, 19, 24 అంటూ, మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోయి మళ్ళీ మొదటికి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ లెక్కపెడుతుంది, పిల్లలు అదృష్టవంతులు. అదే డిష్ 24 గంటల తర్వాత చూస్తే చాలా కణాల్లో ఒకటో రెండో మిగులుతాయి. రిపేర్ జరగడాన్ని కళ్ళతో చూడటమంటే అదే. 24 గంటలకీ పది చుక్కలు మిగిలి ఉంటే ఆ కణంలో ఏదో పనిముట్టు లేదన్నమాట.

ఇక అతకడం రెండు దారుల్లో. మొదటిది తొందర దారి. కూ అనే ప్రోటీన్ తెగిన కొసకి వేలికి ఉంగరం తొడిగినట్టు ఎక్కి కూర్చుంటుంది, డీఎన్‌ఏ-పీకే అనే ఎంజైమ్‌ని పిలుస్తుంది, రెండు కొసల్నీ దగ్గరికి లాగి, చిరిగిన అంచులు కత్తిరించి, లైగేజ్ 4 అతికేస్తుంది. ఒకటి రెండు అక్షరాలు పోయినా పట్టించుకోదు, ముందు తాడు నిలబడితే చాలు అంటుంది. రెండోది నింపాది దారి, కణం తన డీఎన్‌ఏని కాపీ చేసుకున్నాక మాత్రమే కుదిరేది, ఎందుకంటే అప్పుడు పక్కనే అచ్చంగా రెండో ప్రతి ఉంటుంది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, రాడ్51 అనే ప్రోటీన్లు కలిసి ఆ ప్రతిని వెతికి, దాన్ని చూసి తప్పుల్లేకుండా రాసుకుంటాయి. ఈ రెండు దారులకీ పైన ఏటీఎం అని ఒక కాపలాదారు, మొదటి అలారం కొట్టేది అదే. పుట్టుకతో ఏటీఎం రెండు కాపీలూ పాడైన పిల్లలు ఉంటారు, ఆ జబ్బు పేరు అటాక్సియా టెలాంజియెక్టేసియా, మామూలు డోసు రేడియేషన్ వాళ్ళకి ప్రాణాంతకం. మీరు ఈ రంగంలోకి రావాలనుకుంటే అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టండి. 2015 కెమిస్ట్రీ నోబెల్ వచ్చిన టోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌ల పని కూడా డీఎన్‌ఏ రిపేర్ మీదే, కాకపోతే అది ఎక్కువగా ఒక పేటలో వచ్చే తప్పుల్ని సరిచేసుకునే పద్ధతుల గురించి.

ప్రశ్న: అంటే క్యాన్సర్ కణాన్ని రిపేర్ చేసుకోనివ్వకుండా మందు ఇచ్చి రేడియేషన్ పెడితే సరిపోతుంది కదా? అంత సులువైతే ఇప్పటిదాకా ఎందుకు చేయలేదు?

జవాబు: కొంత చేస్తున్నారు, పేరే వేరు. రేడియేషన్‌తో పాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తారే, అది డీఎన్‌ఏ మీద అతుక్కుని రిపేర్‌కి అడ్డం పడుతుంది, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌లో 1999 నుంచి అదే పద్ధతి. మెదడు గడ్డ గ్లయోబ్లాస్టోమాకి 2005 నుంచి రేడియేషన్‌తో టెమోజోలొమైడ్ అనే కీమో మందు ఇస్తున్నారు, అక్కడైతే ఇంకా తమాషా, ఆ మందు చేసిన దెబ్బని ఎంజీఎంటీ అనే ఒకే ఒక్క రిపేర్ ప్రోటీన్ తుడిచేస్తుంది, ఏ పేషెంట్ గడ్డలో ఆ జీన్ మూతపడి ఉంటుందో వాళ్ళకి మందు బాగా పనిచేస్తుంది.

మీరు అడిగినదాంట్లో చిక్కు ఏంటంటే, రిపేర్ ఆపే మందు గడ్డలోకి మాత్రమే వెళ్ళదు, రక్తంలో కలిసి అంతటికీ వెళ్తుంది. డీఎన్‌ఏ-పీకేని పూర్తిగా ఆపేసే మందు ఇచ్చామనుకోండి, గడ్డ రిపేరూ ఆగుతుంది, పక్కనే నోటి పొర, అన్నవాహిక పొర రిపేరూ ఆగుతుంది. ఇద్దరికీ దెబ్బ సమానమైతే మందు లేకుండా రేడియేషన్ డోసు పెంచినట్టే, కొత్తగా ఒరిగిందేమీ లేదు. అసలు మనం బతుకుతున్నదే ఆ ఇద్దరి మధ్య తేడా మీద కదా. కాబట్టి రీసెర్చ్ అంతా ఇప్పుడు గడ్డకి మాత్రమే లేని దారి ఏది, గడ్డకి మాత్రమే దిక్కైన దారి ఏది అని వెతకడం మీద నడుస్తోంది.

పార్ప్ మందులు దీనికి మంచి ఉదాహరణ. 2005లో రెండు టీములు విడివిడిగా చూపించాయి, బీఆర్‌సీఏ పాడైన కణానికి నింపాది దారి ముందే మూసుకుపోయి ఉంటుంది, పార్ప్ అనేది ఒక పేట తెగుళ్ళని సర్దే ప్రోటీన్, దాన్ని కూడా ఆపేస్తే చిన్న తెగుళ్ళు కాపీ అయ్యేటప్పుడు పెద్ద తెగుళ్ళుగా మారిపోతాయి, అతకడానికి సరైన దారి లేక ఆ కణం చచ్చిపోతుంది. అదే మనిషిలో మామూలు కణాలకి బీఆర్‌సీఏ ఒక కాపీ పనిచేస్తూ ఉంటుంది కాబట్టి అవి తట్టుకుంటాయి. రెండు దార్లున్న ఊరికి ఒకటి మూస్తే ఇబ్బంది, ఒక్క దారే ఉన్న ఊరికి అదీ మూస్తే అంతే సంగతులు. ఒలాపరిబ్ అనే పార్ప్ మందుకి 2014లో అండాశయ క్యాన్సర్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్నీ, ఏటీఎం, దాని లాంటిదే ఏటీఆర్ అనే ఇంకో కాపలాదారు, డీఎన్‌ఏ-పీకే, వీటిని ఆపే మందుల్నీ రేడియేషన్‌తో కలిపి ట్రయల్స్‌లో చూస్తున్నారు. నాకు ఆశ ఎక్కువగా ఉన్నది మెదడు గడ్డల్లో. మెదడులో మామూలు నరాల కణాలు విభజన చెందవు, గడ్డ చెందుతుంది, ఇద్దరి మధ్య తేడా అక్కడ సహజంగానే పెద్దది. ఇది నా అభిప్రాయమే, ట్రయల్ ఫలితం కాదు.

ప్రశ్న: రేడియేషన్ జరిగేటప్పుడు బలానికి విటమిన్ ఈ, యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ వేసుకోవచ్చా? నెట్‌లో తెగ రాస్తున్నారు.

జవాబు: డాక్టర్‌కి చెప్పకుండా పెద్ద డోసుల్లో వద్దు. ఎక్స్‌రేలు చేసే దెబ్బలో మూడింట రెండు వంతులు నేరుగా డీఎన్‌ఏకి తగిలేవి కావు, చుట్టూ ఉన్న నీటిని చీల్చి, దాంట్లోంచి పుట్టిన రాడికల్స్, అంటే కుదురుగా ఉండలేక పక్కనున్నదాన్ని కొట్టే ముక్కలు, పోయి డీఎన్‌ఏని కొడతాయి. యాంటీఆక్సిడెంట్ పనే ఆ రాడికల్స్‌ని మింగేయడం. తల మెడ క్యాన్సర్ పేషెంట్లు 540 మంది మీద చేసిన ట్రయల్ 2005లో వచ్చింది, క్యాప్సూల్స్ వేసుకున్నవాళ్ళకి బాధలు కొంచెం తగ్గాయి కానీ క్యాన్సర్ తిరగబెట్టడం కూడా వాళ్ళలోనే ఎక్కువవైపు కనిపించింది. మామూలుగా తినే తిండి గురించి కాదు నేను చెప్పేది. సిగరెట్ సంగతి అడగలేదు గానీ చెప్తాను, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటుని ఆక్రమిస్తుంది, ఆక్సిజన్ లేని గడ్డ ఎంత మొండిదో పైన చదివారు కదా.

ప్రశ్న: రేడియేషన్ అయిపోయి రెండు వారాలైంది, చేత్తో తడిమితే మెడలో గడ్డ ఇంకా ఉంది. పనిచేయలేదా?

జవాబు: తొందరపడొద్దు. దెబ్బతిన్న క్యాన్సర్ కణం అక్కడికక్కడే చావదు, అతకని డీఎన్‌ఏతో విభజనకి దిగినప్పుడు చస్తుంది, ఒకటి రెండు విభజనలు అయ్యాక కూడా కావచ్చు. అందుకే మెడ గడ్డలకి పెట్ స్కాన్ 12 వారాల తర్వాత తీస్తారు, ముందే తీస్తే వాపు చూసి గడ్డ అనుకునే ప్రమాదముంది. ఈలోపు పెరుగుతున్నట్టు అనిపిస్తే మాత్రం ఆగకుండా చూపించండి.

ప్రశ్న: ప్రోటాన్, ఫ్లాష్ అంటూ కొత్తవి వస్తున్నాయట, వాటికోసం ఆగితే మంచిదా?

జవాబు: ఆగొద్దు. ప్రోటాన్ అంటే ఎక్స్‌రేలకి బదులు ప్రోటాన్ల కిరణంతో కొట్టడం, దాని గురించి 1946లోనే రాబర్ట్ విల్సన్ అనే ఫిజిక్స్ ఆయన రాశాడు, దాని గొప్పంతా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగిపోవడంలో ఉంది, గడ్డ దాటి వెనక్కి డోసు పోదు, పిల్లల క్యాన్సర్లకి, వెన్నుపాము దగ్గర గడ్డలకి అది పెద్ద వరం. డీఎన్‌ఏని తెంపడంలో మాత్రం ఎక్స్‌రే కన్నా పెద్ద మొనగాడు కాదు, ఓ పది శాతం ఎక్కువ. కార్బన్ అయాన్లు వేరు, అవి ఒకేచోట నాలుగైదు దెబ్బలు గుంపుగా వేస్తాయి, అలాంటి గుంపుని కణం అతకలేదు, జపాన్‌లో చిబాలో 1994 నుంచి వాడుతున్నారు. ఫ్లాష్ అంటే నిమిషాల్లో ఇచ్చే డోసుని సెకనులో చిన్న వంతులో కొట్టేయడం. 2014లో ఎలుకల్లో గడ్డకి దెబ్బ అంతే ఉండి మామూలు ఊపిరితిత్తికి దెబ్బ తగ్గడం చూశారు, 2018లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో ఒక పేషెంట్‌కి చర్మం మీద గడ్డకి 15 గ్రేలు 90 మిల్లీసెకన్లలో ఇచ్చారు. మామూలు కండ ఎందుకు తట్టుకుంటోంది అన్నదానికి మూడు నాలుగు వాదనలున్నాయి, కొట్టుకుంటున్నారు ఇంకా, నాకు ఏ ఒక్కటీ పూర్తిగా రుచించలేదు. మీ గడ్డ మాత్రం ఈ వాదన తేలేదాకా ఆగదు, పైన గ్యాప్ గురించి రాసిన జవాబు ఇంకోసారి చదవండి.

ప్రశ్న: బయట మెషిన్‌తో రేడియేషన్ తీసుకుంటున్నాను, ఇంటికొచ్చాక మూడేళ్ళ మనవరాలిని ఎత్తుకోవచ్చా? కోడలు దూరం పెడుతోంది.

జవాబు: ఎత్తుకోండి. మెషిన్ ఆపగానే కిరణం ఆగిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు. ఒంటి లోపల రేడియేషన్ ఇచ్చే సోర్స్ పెట్టి ఉంచేసినా, రేడియో అయోడిన్ మింగినా లెక్క వేరు, వాళ్ళకి ఎన్ని రోజులు దూరంగా ఉండాలో ఆసుపత్రిలోనే రాసిస్తారు. మీది ఆ కేసు కాదు, ఈ పేజీ మీ కోడలికి చూపించండి.